సార్క్ సభలు ఆగిపోయాక పొరుగు దేశాల ఆర్థిక సహకారం సామాన్యుల దాకా వస్తోందా?

ప్రశ్న: వంశధార_తీరం

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. దక్షిణాసియాలో ప్రాంతీయ సహకారం అనే పాఠం ఏటా నా వంతుకే వస్తుంది. 1985 డిసెంబరులో ఢాకాలో దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ ఏర్పడటం, 2004లో ఇస్లామాబాద్‌లో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై సంతకాలు జరగడం, 2006 జనవరి నుంచి అది అమలులోకి రావడం, 2014 నవంబరులో ఖాట్మండులో జరిగిన పద్దెనిమిదో శిఖరాగ్ర సభ తరువాత ఇంతవరకు మరో సభ జరగకపోవడం. ఈ వరుస బోర్డు మీద రాసేసరికి గంట కొడతారు, పాఠం అయిపోతుంది.

ఈ ఏడాది వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, ‘ఇందువల్ల ఎవరికైనా ఒక పూట కూలి ఎక్కువ దొరికిందా మేడమ్?’ అని అడిగింది. దక్షిణాసియా దేశాల మొత్తం వాణిజ్యంలో తమలో తాము చేసుకునేది 5 శాతమేననీ, ఆగ్నేయాసియా దేశాల మధ్య అది దాదాపు 25 శాతమనీ చెప్పి అప్పటికి తప్పించుకున్నాను. అది జవాబు కాదని ఆ అమ్మాయికీ అర్థమైంది, నాకూ అర్థమైంది.

ప్రతి ఉమ్మడి ప్రకటనలోనూ ‘సమ్మిళిత, సుస్థిర అభివృద్ధి’ అన్న మాట ఉంటుంది. ఆ మాటను పక్కన పెట్టి, నాకు ఒక నిజమైన ఉదాహరణ కావాలి. రెండు మూడు దేశాలు కలిసి చేసిన పని ఏదైనా ఒకటి, చిన్న ఆదాయం గలవారికి కంటికి కనిపించే మేలు చేసి ఉండాలి. ఏటినో అడవినో సముద్రాన్నో పాడుచేయకుండా సాగుతూ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ప్రభుత్వాల మధ్య మాటలు లేని రోజుల్లో కూడా ఆగిపోకుండా నిలిచి ఉండాలి. అలాంటి పని వల్ల నష్టపోయినవారు ఎవరైనా ఉంటే అది కూడా చెప్పండి. పిల్లలకు ఒక వైపే చూపించడం నాకు ఇష్టం లేదు.


జవాబు: పాత_గ్రిడ్‌మనిషి

నమస్కారమండీ. విద్యుత్ ప్రసార రంగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. అందుచేత నా దృష్టి తీగల మీదికే పోతుంది. మీరు పెట్టిన మూడు షరతుల్లో రెండున్నర దాకా నెరవేర్చే ఉదాహరణ నేపాల్, భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య జరుగుతున్న కరెంటు అమ్మకం.

ముందు ప్రకృతి ఇచ్చిన లెక్క చూడండి. హిమాలయ నదుల మీద కట్టిన కేంద్రాల్లో చాలావాటికి పెద్ద జలాశయాలు ఉండవు. పారే నీటిని పారుతుండగానే వాడుకుంటాయి. కాబట్టి వానాకాలంలో నేపాల్, భూటాన్‌లలో కరెంటు పొంగి పొర్లుతుంది, శీతకాలంలో నది సన్నబడి, ఇళ్లలో చలికి వాడకం పెరిగే వేళకు ఉత్పత్తి అడుగంటుతుంది. బంగ్లాదేశ్‌లో దీనికి తలకిందులు. అక్కడ వేసవిలో, వానాకాలపు ఉక్కలో గిరాకీ ఎక్కువ, చలికాలంలో తక్కువ. ఒకరికి మిగిలే నెలల్లోనే మరొకరికి కొరత. ఇద్దరి మధ్యా భారతదేశపు గ్రిడ్ ఉంది. ఇంత సహజమైన వస్తుమార్పిడికి దశాబ్దాలు పట్టడమే ఆశ్చర్యం.

పదిహేనేళ్ల కిందట నేపాల్‌లో చలికాలం వస్తే రోజుకు పదహారు గంటల దాకా కరెంటు ఉండేది కాదు. 2016లో నేపాల్‌లోని ఢల్కేబర్ నుంచి బిహార్‌లోని ముజఫర్‌పూర్‌కు లైను మొదలైంది. 400 కిలోవోల్ట్‌ల కోసం కట్టిన ఆ లైను మొదట తక్కువ వోల్టేజీతో నడిచింది, తరువాత పూర్తి స్థాయికి చేరింది. మన వైపు నుంచి వెళ్లిన కరెంటుతోనే వారి కోతలు చాలావరకు తగ్గాయి. 2021 నవంబరులో అదే తీగ మీద ప్రవాహం వెనక్కి తిరిగింది. నేపాల్ 39 మెగావాట్లను, కరెంటు కొనుగోలు, అమ్మకాలు జరిగే మన విద్యుత్ ఎక్స్‌ఛేంజిలో అమ్మింది. అప్పటిదాకా వానాకాలంలో మిగిలిన నీటిని టర్బైన్లకు ఇవ్వకుండా వృథాగా వదిలేసేవారు. 2024 జనవరిలో, రాబోయే పదేళ్లలో 10,000 మెగావాట్ల దాకా కొనడానికి రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి.

మీ పాఠానికి అసలు పనికొచ్చేది దాని తరువాతి మెట్టు. 2024 అక్టోబరు 3న ఖాట్మండులో మూడు దేశాల విద్యుత్ సంస్థలు ఒక ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఏటా జూన్ 15 నుంచి నవంబరు 15 వరకు నేపాల్ 40 మెగావాట్లు బంగ్లాదేశ్‌కు అమ్ముతుంది, ధర యూనిట్‌కు 6.4 అమెరికన్ సెంట్లు. నేపాల్ కరెంటు బంగ్లాదేశ్ దాకా ఎలా పోతుందని పిల్లలు అడుగుతారు. మనియార్డరుతో పోల్చి చెప్పండి. మనం ఇక్కడి తపాలా కార్యాలయంలో కట్టిన నోటే అక్కడి వారి చేతికి వెళ్లదు, అంత విలువ అక్కడ చేరుతుంది. అలాగే నేపాల్ 40 మెగావాట్లను ముజఫర్‌పూర్ దగ్గర మన గ్రిడ్‌లో జమ చేస్తే, పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్ నుంచి అంతే కరెంటు బంగ్లాదేశ్‌లోని భేరామారాకు వెళుతుంది. రెండు గ్రిడ్ల లయ ఒకటి కాదు గనుక 2013లో భేరామారాలో ఒక కేంద్రం కట్టారు. అది వచ్చిన ఏసీ కరెంటును డీసీగా మార్చి, మళ్లీ ఏసీగా చేసి అవతలి గ్రిడ్‌కు ఇస్తుంది. అప్పట్లో దాని సామర్థ్యం 500 మెగావాట్లు, తరువాత దాన్ని రెట్టింపు చేశారు.

40 మెగావాట్లు బంగ్లాదేశ్ అవసరంలో ఒక మూలకు కూడా రావు. కానీ మూడో దేశపు భూమి మీదుగా ఇద్దరు కరెంటు అమ్ముకోవడానికి ఈ ప్రాంతంలో ఇదే తొలి దారి. ఆ తేదీలు కూడా గమనించండి. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం మారింది, ఢిల్లీతో సంబంధాలు దెబ్బతిన్నాయి. 2025 ఏప్రిల్, మే నెలల్లో రెండు దేశాలూ ఒకదాని సరుకు మీద మరొకటి ఆంక్షలు పెట్టుకున్నాయి. అయినా జూన్ 15న కరెంటు మొదలైంది.

సామాన్యుడి దాకా వచ్చిందా అన్న ప్రశ్నకు నా జవాబు: నేపాల్‌లో కొంత వచ్చింది. అక్కడ జలవిద్యుత్ కంపెనీలు ప్రాజెక్టు ప్రభావిత ప్రాంతంలోని స్థానికులకు 10 శాతం వాటాలు కేటాయించాలి. ప్రభుత్వానికి చేరే రాయల్టీలో నాలుగో వంతు ప్రావిన్సుకు (మన రాష్ట్రం లాంటిది), నాలుగో వంతు స్థానిక సంస్థలకు వెళుతుంది. ఏటిని ఇచ్చిన ఊరికి అమ్మకంలో వాటా ఉండాలన్న ఆలోచన చట్టంలోకి ఎక్కిందంటే చిన్న విషయం కాదు. వాటా కొనడానికి చేతిలో డబ్బు ఉన్నవాడికే అది వాటా అవుతుంది, డబ్బు లేనివాడికి కాగితం. ఆ తేడా కూడా పిల్లలకు చెప్పండి.

మిగిలిన ఆ అర షరతు సుస్థిరతకు సంబంధించినది. 2024 సెప్టెంబరు చివర నేపాల్‌లో వచ్చిన వరదలు చాలా విద్యుత్ కేంద్రాలను దెబ్బతీశాయి. వాన పద్ధతి మారుతున్న కొండల్లో నది మీదే ఆదాయం పెట్టుకోవడం ఎంతవరకు క్షేమమన్నది తేలవలసి ఉంది. రాజకీయం పూర్తిగా పక్కకు పోయిందని కూడా అనుకోవద్దు. చైనా పెట్టుబడి గానీ చైనా గుత్తేదారు పాత్ర గానీ ఉన్న కేంద్రం నుంచి భారత్ కరెంటు కొనదు. నేపాల్ నుంచి చూస్తే ఇది స్నేహంతో పాటు వచ్చిన షరతు.


జవాబు: రెడ్డిపాలెం_సరుకు

ఇంజినీరు గారి మాట చదివాను, తీగకు లారీ బాధలు ఉండవు. నేను గుంటూరు మిర్చి ఎగుమతి వ్యవహారాలు చూసేవాణ్ని, అందుచేత రోడ్డు వైపు కథ చెబుతాను.

మన మిర్చి కొనే ముఖ్యమైన దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్ దగ్గర సరిహద్దు దాటి బెనాపోల్‌లోకి పోవాలి. ఆ దాటడానికి 138 గంటలు పడుతోందనీ, అందులో 28 గంటలు కేవలం ఒక లారీలోంచి దించి మరో లారీలోకి ఎక్కించడానికే పోతున్నాయనీ 2021లో ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. మన లారీ అవతలి గోదాము దాటి లోపలికి పోదు, వాళ్ల లారీ ఇటు రాదు. వానలో మూడు రోజులు నిలబడ్డ మిర్చి బస్తా రంగు చూసి ధర చెప్పేది కొనేవాడు. ఆ తగ్గుదల చివరకు రైతు మీదికే దిగుతుంది.

2020లో కొవిడ్ వల్ల రోడ్డు రవాణాకు ఇబ్బంది వచ్చినప్పుడు ఒక సంగతి జరిగింది. అంతకుముందు ఎండు మిర్చి ఎక్కువగా లారీల మీదే పోయేది. గూడ్సు రైలు చవకే, కానీ దానికి ఒక విడతలో 1,500 టన్నులకు పైగా సరుకు కూడగట్టాలి. అంత మిర్చి ఒకేసారి పోగుచేయగలవారు ఎంతమంది? ఆ జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కు ప్రత్యేక పార్సిల్ రైలు నడిచింది, బంగ్లాదేశ్‌కు అలాంటి రైలు పోవడం అదే మొదటిసారి. 16 వ్యాగన్లు, మొత్తం 384 టన్నులు. రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయల దాకా అయ్యే ఖర్చు, రైలులో 4,608 రూపాయలకు దిగింది. పార్సిల్ రైలుకు 500 టన్నుల లోపు చాలు గనుక ఒక మోస్తరు వ్యాపారులు కలిసి బండి నింపుకోగలిగారు.

మేడమ్ గారి విద్యార్థిని అడిగిన దానికి నాకు తెలిసిన జవాబు ఇందులోనే ఉంది. సుంకం ఎంత తగ్గించారన్నది పెద్ద మనుషులు మాట్లాడుకునే విషయం. భారత్ 2011లోనే సార్క్‌లోని వెనకబడిన దేశాల సరుకులకు 25 వస్తువులు మినహా అన్నిటికీ సుంకం ఎత్తేసింది. బంగ్లాదేశ్ దుస్తుల కంపెనీలు దాన్ని వాడుకున్నాయి. చిన్నవాడికి కావలసింది మాత్రం, దారి ఎంత చిన్న మూటను మోయడానికి ఒప్పుకుంటుంది అన్నది. 1,500 టన్నుల దారి ఒకరిద్దరిది, 400 టన్నుల దారి పదిమందిది, ఒక లారీ దారి ఎవరిదైనా అవుతుంది. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ భూమార్గాల ద్వారా మన నూలు దిగుమతిని ఆపింది. సముద్రం దారి తెరిచే ఉంది. కాగితం మీద వాణిజ్యం ఆగలేదు. కానీ ఒక లారీ నూలు పంపుకునే మిల్లు ఇప్పుడు కంటెయినరు లెక్కలు, ఓడ తేదీలు చూసుకోవాలి. ఆంక్ష పెద్దవాడికి చిరాకు, చిన్నవాడికి గుమ్మం మూసేయడం.

నష్టపోయేవారి సంగతి కూడా అడిగారు కదా. భూటాన్, బంగ్లాదేశ్, భారత్, నేపాల్ 2015 జూన్ 15న థింపూలో వాహనాల ఒప్పందంపై సంతకం చేశాయి. లారీ ఒకచోట సరుకు ఎక్కించుకుంటే దించే చోటి దాకా ఆగకుండా పోవచ్చునన్నది ఉద్దేశం. భూటాన్ ఎగువ సభ దాన్ని తిరస్కరించింది. బయటి లారీలు వచ్చి పడితే తమ కొండ రోడ్లు, గాలి, తమ లారీ యజమానుల బతుకులు ఏమవుతాయన్నది వారి భయం. మిగతా మూడు దేశాలు ముందుకు పోవచ్చునని భూటాన్ తరువాత చెప్పింది. ఇన్నేళ్లయినా పెట్రాపోల్ దగ్గర దించడం, ఎక్కించడం ఆగలేదు. ఆ 28 గంటలు వృథా అని మనం అంటాం. అక్కడి హమాలీలకు అవే కూలి గంటలు. ఒప్పందం పూర్తిగా అమలైన రోజున వాళ్లకు ఏ పని చూపిస్తారో ఏ కాగితంలోనూ నాకు కనపడలేదు.

ఒక మాట విశాఖ గురించి. కోల్‌కతా, హల్దియా నది మీది రేవులు, లోతు తక్కువ. అందుకే 2016లో నేపాల్ సరుకుకు విశాఖపట్నం రేవును కూడా మార్గంగా ఒప్పుకున్నారు. దూరం దాదాపు రెట్టింపు అయినా, పెద్ద ఓడలు నేరుగా వస్తాయి గనుక కంటెయినర్లు ఇటు వస్తున్నాయి. నేపాల్‌కు రెండో తలుపు దొరికిందంటే బేరం ఆడే బలం దొరికినట్టే. 2015లో సరిహద్దు దిగ్బంధంతో ఆ దేశం నెలల తరబడి ఏమైపోయిందో గుర్తున్నవారికి దాని విలువ తెలుస్తుంది.


వంశధార_తీరం

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘దారి ఎంత చిన్న మూటను మోస్తుంది’ అన్న ప్రశ్నను నా పాఠంలోకి తీసుకుంటున్నాను.

ఇంజినీరు గారూ, మీరు నేపాల్‌ను ఎంచుకుని భూటాన్‌ను వదిలేయడం గమనించాను. పాఠ్యపుస్తకాలన్నీ భూటాన్ జలవిద్యుత్తునే ఆదర్శంగా చూపిస్తాయి. అయితే ఆ దేశపు విదేశీ రుణంలో ఎక్కువ భాగం ఈ ప్రాజెక్టుల అప్పేననీ, యువత ఆస్ట్రేలియాకు తరలిపోతోందనీ చదువుతున్నాను. అప్పు చేసి పప్పుకూడు తిన్నట్టు కాలేదా?


పాత_గ్రిడ్‌మనిషి

వదిలేయలేదండీ, దాటవేశాను. నిజానికి ఒక్క మాటలో తేల్చగల విషయం కాదది.

మొదటి పెద్ద ప్రాజెక్టు చూఖా 336 మెగావాట్లది. భారత్ ఇచ్చిన సొమ్ములో 60 శాతం గ్రాంటు, 40 శాతం అప్పు. 1980ల చివరికల్లా పూర్తయింది. మిగులు కరెంటు మనం కొన్నాం, ఆ రాబడితో భూటాన్ ఖజానా నిలదొక్కుకుంది. బడి, ఆసుపత్రి ఉచితంగా నడిపే దేశానికి అదే ఊపిరి. తరువాత 1,020 మెగావాట్ల తాలా, 2019లో 720 మెగావాట్ల మంగ్‌దేఛూ వచ్చాయి. ఈలోగా లెక్క తిరగబడింది. మంగ్‌దేఛూకు 30 శాతమే గ్రాంటు, 70 శాతం అప్పు. 1,200 మెగావాట్ల పునత్సాంగ్‌ఛూ మొదటి ప్రాజెక్టు దగ్గర 2013లో కొండచరియ కదిలి ఆనకట్ట పని చిక్కుల్లో పడింది. పని ఆలస్యమైనకొద్దీ అప్పు పెరుగుతుంది.

కానీ మీ సామెత దీనికి అతకదు. అప్పు రూపాయల్లో ఉంది, కరెంటుకు వచ్చేదీ రూపాయల్లోనే. డాలరు విలువ పెరిగి అప్పు మీద పడే ప్రమాదం దీనికి లేదు. పడి ఉన్న పరిశ్రమకు చేసిన అప్పు ఒకటి, ఆదాయం తెస్తున్న యంత్రానికి చేసిన అప్పు మరొకటి. మీ రెండో అభ్యంతరం మాత్రం సరైనదే. ఆనకట్ట కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది, అందులో చాలామంది మన దేశం నుంచి వెళ్లిన కూలీలు. కట్టడం అయిపోయాక కేంద్రాన్ని కొద్దిమంది నడుపుతారు. ఖజానాకు డబ్బు వస్తుంది, చదువుకున్న కుర్రవాడికి ఉద్యోగం రాదు. శీతకాలంలో నీరు తగ్గి భూటానే మన ఎక్స్‌ఛేంజిలో కరెంటు కొనుక్కునే పరిస్థితి 2022 నుంచి చూస్తున్నాం. కాబట్టి నేను దాన్ని మంచి వ్యాపారం అంటాను. సమ్మిళితం అనే మాట వాడటానికి నోరు రాదు.


జవాబు: గారో_కొండల_బాటసారి

ఇప్పటివరకు మెగావాట్లు, టన్నులు మాట్లాడుకున్నారు. గుంటూరు వారు చిన్న మూట అన్నారు గనుక, చేతి సంచీ అంత చిన్న మూట గురించి చెబుతాను. పరిశోధన పని మీద మేఘాలయ గారో కొండల్లోని కలాయిచర్‌కు వెళ్లాను. అవతల బంగ్లాదేశ్‌లోని కురిగ్రామ్ జిల్లా బాలియామారి ఉంది. 2010 అక్టోబరులో రెండు దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం 2011 జులైలో అక్కడ తొలి సరిహద్దు సంత తెరిచారు.

మన ఊళ్లలో వారపు సంత ఎలా ఉంటుందో అదే. తేడా ఏమంటే సంత చుట్టూ కంచె ఉంటుంది, గుర్తింపు కార్డు చూపించి లోపలికి పోవాలి. అమ్మేవారు సరిహద్దుకు 5 కిలోమీటర్ల లోపు ఊళ్లవారే అయి ఉండాలి. కూరగాయలు, పళ్లు, మసాలా దినుసులు, అడవి సరుకు, చేనేత గుడ్డలు ఇలా ఆ ప్రాంతంలో దొరికేవి అమ్ముకోవచ్చు. సుంకం లేదు. రూపాయి, టాకా రెండూ చెల్లుతాయి. ఒక్కొక్కరు కొనగల విలువ మొదట 50 డాలర్లు. తరువాత దాన్ని 100కు, ఆపైన 200కు పెంచారు.

దేశ విభజనకు ముందు గారో కొండల పంటకు సంతలు దిగువ మైదానంలోనే ఉండేవి. గీత గీశాక కొండవాడికి అమ్మే చోటు, మైదానంవాడికి కొనే చోటు పోయాయి. మిగిలింది దొంగచాటు వ్యాపారం. రాత్రిపూట ఏరు దాటేవాడికి తూటా భయం, పట్టుబడితే జైలు భయం. ఆ దారిలో పోయే సరుకులో కొంతయినా పగటిపూట, కంచె లోపల, నలుగురి కళ్లెదుట చేతులు మారడమే ఈ సంత చేసిన పని. దాన్ని వాణిజ్య గణాంకాల్లో వెతికితే చుక్కంత కూడా కనిపించదు. ఏటి అవతల పెళ్లయి వెళ్లిన అక్కను చూడటానికి కూరగాయల బుట్టతో వచ్చిన వ్యక్తిని నేను చూశాను. అది ఏ పద్దులో రాస్తారు?

లోటుపాట్లు ఉన్నాయి. అమ్మకానికి చోటు కొద్దిమందికే ఇస్తారు, ఆ కార్డు ఎవరికి రావాలన్నది స్థానిక పెద్దల చేతుల్లోకి పోతుంది. మీ మూడో షరతు దగ్గర ఈ సంతలు తేలిపోతాయి. కొవిడ్ కాలంలో మొట్టమొదట మూసినవీ, మళ్లీ తెరవడానికి చాలాకాలం తీసుకున్నవీ ఇవే. తీగలో కరెంటు ఆగితే రెండు రాజధానులకూ తెలుస్తుంది. సంత ఆగితే చుట్టుపక్కల పది ఊళ్లకే తెలుస్తుంది.


జవాబు: కళింగపట్నం_కెరటం

మేడమ్ గారూ, మీది శ్రీకాకుళం అన్నారు గనుక రాస్తున్నాను. మాది వేట మీద బతికిన కుటుంబం, ఇప్పుడు నేను మత్స్యశాస్త్రం చదువుతున్నాను. మీ తరగతిలో సగం మందికి ఇంట్లో తెలిసిన సంగతే ఈ పాఠానికి సరిపోతుంది.

తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలు వేటకు పోకూడదు. చేప గుడ్డు పెట్టి, పిల్ల ఎదిగే కాలమది. చేపకు సరిహద్దు తెలియదు. మనం పులస అనేదీ బెంగాలీలు ఇలిష్ అనేదీ ఒకటే జాతి. గోదావరి ఎదురెక్కినా పద్మా నది ఎదురెక్కినా తిరిగేది ఈ బంగాళాఖాతంలోనే. కానీ బంగ్లాదేశ్‌లో నిషేధం మే 20 నుంచి జులై 23 వరకు, 65 రోజులు ఉండేది. 2015లో పెద్ద ట్రాలర్లకు మొదలుపెట్టి, 2019లో చిన్న పడవలకూ వర్తింపజేశారు.

ఇప్పుడు లెక్క వేయండి. రెండు వైపులా వేట ఒకేసారి ఆగినవి మే 20 నుంచి జూన్ 14 వరకు 26 రోజులే. అంతకుముందు 35 రోజులు మనవాళ్లు ఒడ్డున కూర్చుంటే వాళ్లు వేటాడేవారు. జూన్ 15 నుంచి 39 రోజులు వాళ్లు ఒడ్డున కూర్చుంటే మన పడవలు సముద్రంలో ఉండేవి. మేము ఆకలితో ఉంటే మా చేపను అవతలివాళ్లు పట్టుకుపోతున్నారని బంగ్లాదేశ్ జాలర్లు ఏళ్ల తరబడి మొర పెట్టుకున్నారు. వాళ్ల స్థానంలో మనం ఉన్నా అదే అనేవాళ్లం. వీళ్లు కాపాడిన చేప వాళ్లకు, వాళ్లు కాపాడిన చేప వీళ్లకు పోయి, చివరకు కాపాడటమే దండగ అన్న ఆలోచన రెండు ఒడ్డులకూ వచ్చింది.

2025లో బంగ్లాదేశ్ తన తేదీలను ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 వరకు, 58 రోజులుగా మార్చుకుంది. ఆ 58 రోజులూ మన నిషేధంలో పూర్తిగా ఇమిడిపోయాయి. సరుకుల మీద ఒకరి తరువాత ఒకరు ఆంక్షలు పెట్టుకున్న వేసవి కూడా అదే. దీనికి శిఖరాగ్ర సభ జరగలేదు, రాజధానుల్లో జెండాలు కట్టలేదు. బంగ్లాదేశ్, భారత్, మాల్దీవులు, శ్రీలంక సభ్యులుగా ఉన్న బంగాళాఖాత మత్స్య సంస్థ 2003 నుంచి చెన్నైలోనే ఉంది, మన తీరంలో దాని పేరు విన్నవారు తక్కువ. బంగాళాఖాత ప్రాంత దేశాల కూటమి బిమ్స్‌టెక్ పుట్టింది 1997లో, దాని నియమావళి అమలులోకి వచ్చింది 2024 మే నెలలో. ఇరవై ఏడేళ్లు! తేదీల మార్పుకు మాత్రం ఒక్క ఉత్తర్వు సరిపోయింది.

ఎవరు నష్టపోతున్నారన్నది ఇక్కడా ఉంది. నిషేధ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 నుంచి కుటుంబానికి 20,000 రూపాయలు ఇస్తోంది, అంతకుముందు 10,000 ఉండేది. బంగ్లాదేశ్‌లో బియ్యం ఇస్తారు. రెండు చోట్లా అది వేటకు పోయే మగవాడి పేరు మీద లెక్కించేదే. రేవులో చేప కొని, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మే ఆడవాళ్లకూ, ఎండు చేప చేసేవారికీ, ఐసు మోసేవారికీ ఆ రెండు నెలలూ పని ఉండదు. వాళ్ల పేరు జాబితాలో ఉండదు. మా అమ్మ ఆ జాబితాలో ఎప్పుడూ లేదు.

మీ విద్యార్థినికి నా తరఫున ఒక పని చెప్పండి. పాత తేదీలు, కొత్త తేదీలు ఒక కాగితం మీద రెండు గీతలుగా గీసి, జూన్ 12, 13, 14 తేదీల దగ్గర ఆగమనండి. ఆ మూడు రోజులు వాళ్ల పడవలు సముద్రంలో ఉంటాయి, మనవి ఒడ్డున ఉంటాయి. ఆ మూడు రోజుల గురించి మా నాన్న ఇప్పటికీ గొడవపడుతూనే ఉంటాడు.